మావయ్య డబ్బాలో రాణి బిళ్లలు: ట్రిస్టన్ ద కున్యా 1981 నిజంగా వెండేనా? మూడు లక్షలు ఇస్తానంటున్నారు

పర్లాకిమిడి కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. మా మేనత్త గోపాలపూర్‌లో ఉంటుంది, మావయ్య పోయి రెండేళ్ళవుతోంది. ఆయన వయసులో ఉన్నప్పుడు సరుకు ఓడల్లో ఇంజన్ రూములో పనిచేశాడు, ఇంటికి వచ్చినప్పుడల్లా ఏదో ఒక దేశం బిళ్ల తెచ్చి బిస్కెట్ల డబ్బాలో వేసేవాడు. మొన్న సంక్రాంతికి వెళ్తే అత్త ఆ డబ్బా నా చేతిలో పెట్టి "ఇవేంటో కనుక్కోరా, వెండయితే కోడలికి పట్టీలు చేయిద్దాం, ఇంకా ఏమైనా మిగిలితే వంటింటి మీద స్లాబు వేయించుకుంటాను" అంది.

చిల్లర చాలా ఉంది గానీ నేను అడిగేది పెద్ద బిళ్లల గురించే. తొమ్మిది ఉన్నాయి. అన్నీ ఒకే సైజు, మన పది రూపాయల బిళ్ల కంటే బాగా పెద్దవి, కిరాణా కొట్టు తూకంలో ఒక్కోటి 28 గ్రాములు చూపించింది. అన్నింటి మీదా ఎలిజబెత్ రాణి ఉంది. సెయింట్ హెలీనావి రెండు (1977, 1980), ఐల్ ఆఫ్ మాన్ 1977, ఫాక్‌లాండ్ 1977, జెర్సీ 1977, ట్రిస్టన్ ద కున్యా 1981వి రెండు. మిగిలిన రెంటి మీద దేశం పేరూ లేదు, విలువా లేదు. ఒకదాని మీద రాణి గుర్రమెక్కి ఉంది, ఇంకోదాని మీద చార్లెస్, డయానా ఉన్నారు. ట్రిస్టన్ వాటిలో ఒకటి గుండ్రటి ప్లాస్టిక్ మూతలో, చిన్న పెట్టెలో ఉంది, అద్దంలా మెరుస్తోంది. రెండోది మామూలుగానే ఉంది.

బరంపురంలో ఒక నగల షాపులో చూపిస్తే అన్నీ వెండేనని, తరుగు పోగా తూకానికి తీసుకుంటానని అన్నాడు. ఈలోగా మా బావ ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెడితే ఎవరో మెసేజ్ చేసి ట్రిస్టన్ బిళ్లలకి మూడు లక్షలు ఇస్తామన్నారు. ముందు రిజిస్ట్రేషన్ కింద 6,500 కట్టాలట. బావ అప్పటికే ఫారం ఫీజు అని 1,500 పంపేశాడు. అత్త స్లాబు పడిపోయినట్టే అని సంబరపడుతోంది, నాకేమో టెన్షన్‌గా ఉంది. ఇంకో మాట, ఇంతవరకూ ఆ ట్రిస్టన్ పేరే నేను వినలేదు. అంత చిన్న దీవి ఇంకెవరి పెళ్ళికో నాణెం వేయడమేంటి? మావయ్య నిజంగా అక్కడిదాకా వెళ్ళాడా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జయపురం మాస్టారు:

బాబూ, మిగతావన్నీ తర్వాత, ముందు ఆ 6,500 కట్టొద్దు. ఒక్క రూపాయి కూడా. నాణెం కొనేవాడు డబ్బు ఇస్తాడు గానీ మన దగ్గర తీసుకోడు. ఇవాళ రిజిస్ట్రేషన్ అంటాడు, రేపు జీఎస్టీ అంటాడు, ఎల్లుండి రిజర్వు బ్యాంకు అనుమతి అని ముద్ర కొట్టిన కాగితం పంపిస్తాడు. పాత నోట్లు, నాణేలు కొంటామని తమ పేరు వాడుకుని కమిషన్లు, పన్నులు అడుగుతున్నారని, అలాంటివాళ్ళని నమ్మొద్దని, తమ తరఫున వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది. పంపిన 1,500 గురించి మీ బావ చేత ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి. యూపీఐ స్క్రీన్‌షాట్, ఆ మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయొద్దు. చిన్న మొత్తమే కదా అని సిగ్గుపడి ఊరుకుంటే వాడు రేపు ఇంకో అత్త దగ్గరికి వెళ్తాడు.

ఇప్పుడు బిళ్లల సంగతి. ఇవి బ్రిటిష్ సంప్రదాయంలో క్రౌన్ అనే పెద్ద నాణేలు, పేర్లున్నవన్నీ బ్రిటన్ రాణి ఏలుబడిలో ఉండిన చిన్న దీవులవి. వ్యాసం 38.6 మిల్లీమీటర్లు, బరువు 28.28 గ్రాములు. ముఖవిలువ సాధారణంగా 25 పెన్నీలు, అంటే పావు పౌండు, ఫాక్‌లాండ్ వాళ్ళు మాత్రం 50 పెన్నీలుగా వేశారు. నీ దగ్గర ఉన్న 1977వి ఎలిజబెత్ రాణి సింహాసనమెక్కి 25 ఏళ్ళయిన సందర్భానివి (ఆమె రాణి అయింది 1952 ఫిబ్రవరి 6న). 1980ది రాణిగారి తల్లికి 80 ఏళ్ళు నిండినప్పటిది అయ్యుంటుంది, ఆవిడ 1900 ఆగస్టు 4న పుట్టింది. 1981వి చార్లెస్, డయానాల పెళ్ళివి, లండన్ సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో జులై 29న జరిగింది ఆ పెళ్ళి. ఊరూ పేరూ లేని రెండూ బ్రిటన్ సొంత నాణేలు, వాటి మీద విలువ రాయలేదు. గుర్రమెక్కిన రాణి బిళ్ల వెనక్కి తిప్పి చూడు, పట్టాభిషేకంలో తైలం పోసే పక్షి ఆకారపు పాత్ర, చెంచా కనిపిస్తాయి. ఆ ఒక్క రకమే సుమారు 3 కోట్ల 70 లక్షలు ముద్రించారు. అన్ని కోట్లున్న వస్తువుకి లక్షలు ఎవరిస్తారు చెప్పు. ఆ కాలంలో బ్రిటన్‌లో జనం వీటిని కొని సొరుగుల్లో దాచుకున్నారు, ఆ సొరుగులు ఇప్పుడు తెరుచుకుంటున్నాయి.

ఒక్క విషయం జాగ్రత్తగా గమనించు. నెట్‌లో ఎవరో ఫలానా బిళ్లకి ఇంత అని పెట్టినది అడిగిన ధర, అది అమ్ముడైన ధర కాదు. అమ్ముడైనవాటిని మాత్రమే వేరుగా చూపించే సైట్లున్నాయి, అక్కడ చూడు. మామూలు లోహంలో ఉన్న ఈ క్రౌన్లు అక్కడ కొద్ది పౌండ్లకే దొరుకుతాయి, మన దగ్గర సేకరించేవాళ్ళు ఒక్కోదానికి కొన్ని వందలు ఇస్తే మంచి ధరే.

బరంపురం పాత వీధి:

నాది బరంపురమే, మా ఇంట్లో మూడు తరాలుగా వెండి పని. ఆ షాపు ఆయన అన్నీ వెండే అన్నాడంటే చూడకుండా అన్నాడనే నేననుకుంటాను. ఈ బిళ్లల్లో ఎక్కువ భాగం రాగి నికెల్, 75 పాళ్ళు రాగి, 25 పాళ్ళు నికెల్. చూడ్డానికి తెల్లగా వెండిలాగే ఉంటుంది. అయస్కాంతం కూడా మోసం చేస్తుంది, ఎందుకంటే ఈ మిశ్రమం అయస్కాంతానికి అంటుకోదు, వెండీ అంటుకోదు. కరిగించి పట్టీలు చేయిద్దామంటే రాగి నికెల్ దేనికీ పనికిరాదు, కూలి దండగ. అత్తగారికి ఈ మాట మెల్లగా చెప్పండి.

గీటురాయి మీద గీయనివ్వకండి, అంచున గీత పడితే సేకరించేవాడి దృష్టిలో బిళ్ల చెడిపోయినట్టే. ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఉంది. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న తూకం కావాలి, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వస్తుంది, కిరాణా తూకం పనికిరాదు. దాని మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి అంకెని సున్నా చేయండి. బిళ్లని సన్నటి దారంతో కట్టి పూర్తిగా నీళ్ళలో మునిగేలా, అడుగుకీ గోడకీ తగలకుండా చేత్తో వేలాడదీయండి. అప్పుడు తూకం చూపించే గ్రాములు ఆ బిళ్ల ఎన్ని మిల్లీలీటర్ల చోటు తీసుకుందో చెప్తాయి. 28.28 గ్రాముల బిళ్ల రాగి నికెల్ అయితే 3.15 దగ్గర ఆగుతుంది, స్టెర్లింగ్ వెండి (92.5 శాతం వెండి) అయితే 2.73 దగ్గర. వెండి బరువెక్కువ గనక తక్కువ చోటు తీసుకుంటుంది. దారం తడి వల్ల కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ ఆ రెంటికీ మధ్య తేడా స్పష్టంగానే తెలుస్తుంది. మూడేసి సార్లు చూడండి.

పెట్టెలో ఉన్న అద్దం బిళ్ల మీదే నాకు ఆశ ఉంది. దాన్ని ప్రూఫ్ అంటారు, మెరుగు పెట్టిన అచ్చులతో ఒకటికి రెండుసార్లు కొట్టి తీస్తారు, నేల అద్దంలా ఉండి బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది. 1981 పెళ్ళికి ఇలాంటివి 92.5 శాతం వెండిలో వేశారు. వెండే అయితే అందులో మేలిమి 26 గ్రాములకి పైనే. ఆ రోజు వెండి ధరతో గుణించుకుంటే అది కింది ధర. పెట్టె, కాగితం కూడా ఉంటే సేకరించేవాళ్ళు కొంత పైన ఇస్తారు. తూకం పరీక్షకి మాత్రం దాన్ని మూతలోంచి తీయొద్దు, పెట్టెతో పాటు వచ్చిన కాగితం మీద లోహం పేరు రాసి ఉంటుంది, ముందు అది వెతకండి.

దయచేసి ఎవరూ తోమొద్దు. మా నాన్నమ్మ పోయినప్పుడు ఆవిడ దాచుకున్న విక్టోరియా రూపాయలు పన్నెండు ఉంటే, పెదనాన్నకి చూపించే ముందు శుభ్రంగా ఉండాలని నేనే చింతపండు, విభూతి పెట్టి తోమేశాను. నూటికి పైబడిన ఏళ్ళలో వాటి మీదికి వచ్చిన ఆ నల్లటి పొర అంతా పోయింది, గీతలు పడ్డాయి. పెదనాన్న ఏమీ అనలేదు, ఒక్కో బిళ్లా తీసి వెలుతురులో తిప్పి చూసి కింద పెట్టేశాడు. అది గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టుంటుంది.

గోపాలపూర్ గాలి బిళ్లలకి మంచిది కాదు, ఉప్పు, తేమ. మెత్తటి పీవీసీ కవర్లలో ఉంటే కొన్నాళ్ళకి ఆకుపచ్చ జిగురు దిగుతుంది, అది లోహాన్ని తినేస్తుంది. జిగురు కనిపిస్తే స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీసి, రుద్దకుండా ఆరనివ్వండి. గట్టి ప్లాస్టిక్ మూతలు (క్యాప్సూల్స్), డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు చాలు.

రాయగడ అక్క:

తమ్ముడూ, ఇంకెవరి పెళ్ళికో నాణెం వేయడమేంటి అన్నావు కదా, నాకు చెప్పాలనిపించింది, ఎందుకంటే నేను ఈ చిన్న దీవుల స్టాంపులు పదిహేనేళ్ళుగా పోగుచేస్తున్నాను.

ట్రిస్టన్ ద కున్యా దక్షిణ అట్లాంటిక్ మధ్యలో ఉంది. ఊరు ఒక్కటే, దాని పేరు ఎడిన్‌బరో ఆఫ్ ద సెవెన్ సీస్, జనం 250 లోపే. విమానాశ్రయం లేదు, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి ఓడలో దాదాపు వారం. 1961లో ఊరి పక్కనే అగ్నిపర్వతం పగిలితే అందర్నీ ఇంగ్లండు తరలించారు, అక్కడే హాయిగా ఉండిపోవచ్చు గానీ 1963లో ఎక్కువ మంది తిరిగి వెళ్ళిపోయారు. బంగాళాదుంపలు పండించుకుంటారు. 1946లో అక్కడ స్టాంపు కావాలని తయారుచేసిన నమూనా మీద విలువ ఒక పెన్నీ, నాలుగు బంగాళాదుంపలు అని వేశారు, అప్పట్లో అక్కడ డబ్బు కంటే దుంపే చెలామణి! ఇప్పుడు వాళ్ళకి డబ్బు వచ్చేది ముఖ్యంగా సముద్రపు రొయ్య జాతి లాబ్‌స్టర్ వల్ల. దాని తర్వాత స్టాంపులు, నాణేలు.

అదీ అసలు సంగతి. ఆ దీవికి ట్యాక్స్ కట్టడానికి ఫ్యాక్టరీలు పెద్దగా లేవు, మనుషులూ ఎక్కువ మంది లేరు. కానీ బ్రిటన్ రాజు లేదా రాణి బొమ్మతో చట్టబద్ధమైన నాణెం వేసే హక్కు ఉంది, దూరంగా ఎక్కడో కూర్చున్న నాలాంటి పిచ్చివాళ్ళు కొంటారు, అందులో వాటా దీవికి వస్తుంది. దీవిలో టంకశాల ఉండదు, బయటి టంకశాలలే కొట్టి ఇస్తాయి, అమ్మకమూ చాలావరకు వాళ్ళదే. ఐల్ ఆఫ్ మాన్ వాళ్ళ నాణేలు చాలా ఏళ్ళు ఇంగ్లండులోని పోబ్‌జాయ్ అనే ప్రైవేటు టంకశాలలోనే తయారయ్యాయి. పేరుకి చెలామణి నాణెం, నిజానికి చిల్లర కింద ఎవరూ వాడరు. రాజకుటుంబంలో పెళ్ళయినా, పుట్టినరోజైనా, పట్టాభిషేకమైనా ఒకేసారి పది పదిహేను చోట్ల నుంచి బిళ్లలు రావడం అందుకే.

మనకి కొత్తేం కాదు ఇది. 2023 ఆగస్టు 28న ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణేన్ని రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు విడుదల చేశారు, మన ఒడిశా ఆడపడుచు చేతుల మీదుగా మన రామారావు బొమ్మ, ఆ రోజు నేను టీవీ ముందు నుంచి లేవలేదు. హైదరాబాదు టంకశాలలో తయారైంది, 44 మిల్లీమీటర్లు, 35 గ్రాములు, సగం వెండి. ముఖవిలువ వంద, అమ్మింది నాలుగు వేల పైమాటే, అయినా జనం బారులు తీరారు. దాంతో పాలప్యాకెట్ కొనడానికి ఎవరూ తీయలేదు కదా. ట్రిస్టన్ బిళ్లదీ అదే లెక్క.

అమ్మేయమని గానీ ఉంచుకోమని గానీ నేను అనను, అది అత్తగారి ఇష్టం, స్లాబు కూడా అవసరమే. కానీ రాగి నికెల్‌వి అమ్మితే ఒక్కోదానికి వచ్చే కొన్ని వందల కోసమైతే వద్దనే నా మాట, అవి మావయ్య జ్ఞాపకం.

ఛత్రపూర్ నుంచి:

అక్కా, అన్నీ బాగానే చెప్పారు కానీ ప్రతిదానికీ జ్ఞాపకం జ్ఞాపకం అంటే పేదవాళ్ళ ఇంట్లో కుదరదు. ఆవిడకి వంటింట్లో వాన కారుతోంది. వెండిది ఉంటే అమ్ముకోవడంలో తప్పేముంది?

రాయగడ అక్క:

తప్పని నేను అనలేదు తమ్ముడూ. వెండిది అమ్మాలనుకుంటే అమ్మవచ్చు, నగల షాపులో తరుగు పోగా కాకుండా సేకరించేవాళ్ళకి అమ్మితే ఆవిడకే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. భువనేశ్వర్, విశాఖపట్నంలలో నాణేల ప్రదర్శనలు జరుగుతుంటాయి, చేతికి బిళ్ల ఇచ్చి చేతికి డబ్బు తీసుకోవచ్చు. మిగతావాటి సంగతే నేను అన్నది.

సోనపూర్ పాత సీమన్:

నేను కూడా ఓడల్లో ఇరవై రెండేళ్ళు చేశాను, మొదట ఫైర్‌మన్‌గా, తర్వాత ఆయిలర్‌గా. మీ మావయ్యగారు ట్రిస్టన్ వెళ్ళారా అని అడిగారు. బిళ్లని బట్టి చెప్పలేం. ఆ దీవిలో పెద్ద ఓడ ఆగే రేవు లేదు, మామూలు సరుకు ఓడలు అక్కడికి వెళ్ళవు. మా రోజుల్లో పెద్ద రేవుల్లో గేటు బయటే స్టాంపులు, నాణేల కొట్లు ఉండేవి. 1981లో నేను లండన్ దగ్గర టిల్‌బరీలో ఉన్నాను, ఆ పెళ్ళి సంవత్సరం ప్రతి కొట్టులోనూ ఈ బిళ్లలే, కప్పులు, సాసర్లు, తువ్వాళ్ళ మీద కూడా వాళ్ళిద్దరి బొమ్మలే. జీతం చేతికొచ్చిన రోజు అందరూ టేప్‌రికార్డర్ కొనేవాళ్ళు. బిళ్లలు కొన్నాడంటే మీ మావయ్య నాలుగు చోట్ల ఆగి చూసే మనిషి అయ్యుంటాడు.

ఆయన సీడీసీ పుస్తకం ఉందేమో వెతకండి. ప్రతి సీమన్‌కీ ఉంటుంది, పాస్‌పోర్టు లాంటిదే. అందులో ఏ ఓడ ఎక్కాడు, ఎక్కడ ఎక్కాడు, ఎక్కడ దిగాడు, ఏ తేదీ, కెప్టెన్ సంతకం, అన్నీ రాసి ఉంటాయి. మధ్యలో ఆగిన ప్రతి రేవూ ఉండదు గానీ దారి అర్థమవుతుంది. ఆడవాళ్ళు దాన్ని సాధారణంగా పెళ్ళి చీరలతో పాటు ట్రంకుపెట్టె అడుగున పెడతారు.

పర్లాకిమిడి కుర్రాడు:

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు, పేరుపేరునా దండాలు. వారం ఆగి రాస్తున్నాను, ఎందుకంటే తూకం రావడానికి నాలుగు రోజులు పట్టింది.

1,500 గురించి బావ 1930కి ఫోన్ చేశాడు, పోర్టల్‌లో కూడా పెట్టాడు. డబ్బు ఇంకా రాలేదు. 6,500 కట్టలేదు. కట్టనని చెప్పగానే ఆ నంబరు మమ్మల్ని బ్లాక్ చేసింది.

నీళ్ళలో చూశాం. మూత లేని ఎనిమిదింటిలో ఎనిమిదీ 3.1 నుంచి 3.2 మధ్యలోనే ఆగాయి, మూడేసి సార్లు చూశాను, అత్త పక్కనే కూర్చుని అంకెలు కాగితం మీద రాసింది. పట్టీలు లేవని అర్థమై కాసేపు మాట్లాడలేదు. పెట్టెలో ఉన్నదాన్ని మూత తీయలేదు, పెట్టె లోపలి స్పాంజి ఎత్తితే కింద మడతపెట్టిన చిన్న కాగితం ఉంది, స్టెర్లింగ్ సిల్వర్ అనే రాసి ఉంది. అదొక్కటి అమ్ముతానంది అత్త. భువనేశ్వర్‌లో ప్రదర్శన ఎప్పుడు జరుగుతుందో రాయగడ అక్క గానీ మాస్టారు గానీ చెప్తే నేనే తీసుకెళ్తాను.

సీడీసీ మాట నిజమే, ట్రంకుపెట్టె అడుగునే దొరికింది, చీరల కింద కాదు, మావయ్య పెళ్ళి పంచె మడతలో. 1981 నవంబరులో లివర్‌పూల్‌లో ఓడ దిగినట్టు ముద్ర ఉంది. అత్త ఆ పేజీ చూసి, ఆ ఏడాది దీపావళి దాటాక వచ్చాడు, పిల్లకి గౌను తెచ్చాడు, నాకేమీ తేలేదని నాలుగు రోజులు మాట్లాడలేదు నేను అంది. ఇప్పుడు ఆ ఎనిమిదింటికీ గట్టి మూతలు కొనాలి. 38.6 మిల్లీమీటర్ల సైజు అని అడిగితే దొరుకుతాయా, లేక 39 తీసుకోమంటారా?

బరంపురం పాత వీధి:

39 తీసుకోండి, బిళ్ల లోపల ఆడకుండా చుట్టూ మెత్తటి ఫోమ్ రింగు ఉన్నవి వస్తాయి, అవే అడగండి. వేళ్ళు అంచున మాత్రమే ఆనించి లోపల పెట్టండి.